ఎవరి తలకి?

ఎడిసన్, న్యూజెర్సీ
నవంబరు, బుధవారం

చిరంజీవి కోడలు పిల్లకి,

మీ మేనత్త ఆశీస్సులు. చలి ఇంకా మొదలైందో లేదో, మీ మావయ్య అప్పుడే అటక మీంచి మంకీ క్యాపు దించేశారు. నీ వాయిస్ మెసేజీని మీ అత్త రెండుసార్లు వింది. మీ అపార్టుమెంటులో పదకొండుమంది ఆడవాళ్లు పోగయ్యారని, 5 కిలోల ఊలు తెచ్చేశారని, వాట్సాప్ గ్రూపుకి పేరు కూడా పెట్టేశారని, టోపీలూ మఫ్లర్లూ కౌల్సూ అల్లి పంచిపెడతారని విని సంతోషించింది. ఎవరికి పంచుతారే అంటే మాత్రం, "అదింకా అనుకోలేదత్తా, ముందు అల్లేస్తే చలికి వణికేవాళ్లు దొరక్కపోతారా" అన్నావు.

అక్కడికి రాగానే మీ అత్త ఫోను పక్కన పెట్టి, చేతిలో వరస పూర్తిచేసి, ఈ కాగితం తీసింది. ఫోనులో చెబితే ఊఁ కొట్టి మర్చిపోతావు. ఉత్తరమైతే ఊలు డబ్బాలో అడుగునైనా పడి ఉంటుంది.

ముందుగా తన పరువు తనే తీసుకునే కథ ఒకటి చెబుతుంది, విను.

మీ నాన్నా, అత్తా పుట్టి పెరిగింది నరసాపురం పక్కన. అక్కడి వీధి అరుగుల మీద మధ్యాహ్నం పూట లేసు సూది ఆడని చెయ్యి ఉండేది కాదు. ఆరో ఏట పట్టిన సూది. అందుకని కొడుకు దగ్గరికి వచ్చి, ఊళ్లో లైబ్రరీ వెనకగదిలో బుధవారం పూట కూర్చునే అల్లిక జట్టులో చేరిన రోజున మీ అత్తకి కాస్త గీర కూడా ఉంది. వీళ్లకి మనం నేర్పాలేమో అనుకుంది. తీరా చూస్తే లేసు వేరు, నిట్టింగ్ వేరు. లేసుకి ఒకటే కొక్కెం సూది. దాని మీద ఎప్పుడూ ఒకటే కుట్టు. నిట్టింగ్‌లో వంద కుట్లూ ఒక్కసారే సూది మీద బారులు తీరి కూర్చుంటాయి. ఒకటి జారిందా, నిచ్చెన మెట్లు విరిగినట్టు కిందిదాకా చిక్కు జారిపోతుంది. మూడు వారాలకి చేతులు దారికి వచ్చాయి. నాలుగో వారం మీ అత్త ఒక టోపీ తెచ్చి బల్ల మీద పెట్టింది. తెల్లటి నూలు దారం, చుట్టూ లేసు పువ్వులు, నడినెత్తిన చిన్న ముత్యాల గుత్తి.

జట్టుని నడిపే ఆవిడ ఒక స్కూల్లో నర్సుగా చేసి రిటైరయింది. టోపీని చేతిలోకి తీసుకుని బాగుందంది. పనితనం గొప్పదంది. తర్వాత పిడికిలి లోపల పెట్టి కిటికీ వైపు ఎత్తింది. ఎండ ఆ పువ్వుల సందుల్లోంచి దూరి బల్ల మీద చుక్కలు చుక్కలుగా పడింది. "జనవరిలో ఓడ డెక్కు మీద నిలబడ్డవాడికి ఇందులోంచి ఏమొస్తుంది?" అని అడిగింది, అంతే. మీ అత్త చెవులు ఎర్రబడ్డాయి. ఆ సాయంత్రమే కూర్చుని మొత్తం విప్పేసింది. ఆ నూలు ఇప్పుడు మీ వదిన వంటింట్లో గిన్నెలు తుడిచే గుడ్డ. దానికి ఆ చిల్లులు బాగానే పనికొస్తున్నాయి.

ఓడ డెక్కు ఎందుకొచ్చిందంటావా? ఆ జట్టు అల్లేది నావికులకి. న్యూయార్క్‌లో 1834లో మొదలైన సీమెన్స్ చర్చ్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ ఉంది. స్పెయిన్‌తో అమెరికా యుద్ధం చేసిన 1898లో 'క్రిస్మస్ ఎట్ సీ' అని ఒక పని మొదలుపెట్టి ఇప్పటికీ ఆపలేదు. దేశం నలుమూలల నుంచీ అల్లికవాళ్లు టోపీలు, మఫ్లర్లు, కౌల్సు, మేజోళ్లు అల్లి పంపుతారు. పండగ రోజుల్లో నెవార్క్ రేవుకి వచ్చే ఓడలెక్కి, ఆ సంస్థ తాలూకు మతగురువులూ కార్యకర్తలూ నావికుల చేతికి ఇస్తారు. మిసిసిపీ లాంటి నదుల మీద పడవలు నడిపేవాళ్లకీ వెళతాయి. ఈ ఓడల్లో పనిచేసేవాళ్లు అమెరికన్లనుకునేవు. ప్రపంచమంతటా ఓడలకి మనుషుల్ని ఇచ్చే దేశాల్లో ఫిలిప్పీన్స్, చైనా, మన దేశం ముందు వరసలో ఉంటాయి. కంటైనర్లు వచ్చాక ఓడ రేవులో వారాల తరబడి ఆగడం పోయింది. ఒకటి రెండు రోజుల్లో సరుకు దించి, ఎక్కించుకుని కదిలిపోతుంది. వీసా లేనివాడు నేల మీద కాలు కూడా పెట్టలేడు. అలాంటివాడికి రేవు అంటే నిచ్చెనెక్కి వచ్చిన ఒక మనిషి, ఒక పొట్లం, అంతే. విశాఖలో పోర్టు సైరను వింటూ పెరిగినదానివి, నీకింత వివరం అక్కర్లేదులే.

ఆ పొట్లంలోకి వెళ్లే టోపీల్లో ఒకదాని పేరే '1898 టోపీ'. క్రిస్టీన్ బర్న్స్ అనే ఆవిడ ఈ నావికుల కోసమే రూపొందించిన నమూనా. చూడ్డానికి పల్లెటూరి పిల్లవాడి టోపీలా సాదాగా ఉంటుంది. చేతిలోకి తీసుకుంటే తెలుస్తుంది దాని బుర్ర. అన్ని టోపీల్లా కింద అంచు నుంచి పైకి అల్లరు. ముందు పట్టీ ఒక్కటే అడ్డంగా, పొడుగ్గా అల్లుతారు, అటూ ఇటూ గట్లు గట్లుగా వచ్చే గార్టర్ అల్లికలో. పట్టీ నిడివి పొడుగునా మధ్యలో ఒక గీత వస్తుంది. ఆ గీత దగ్గర మడిస్తే రెండు పొరలవుతుంది. నుదుటి దగ్గర సన్నగా, చెవుల దగ్గరికి వచ్చేసరికి వెడల్పుగా ఉంటుంది. ఆ తర్వాతే పట్టీ అంచు నుంచి కుట్లు ఎత్తుకుని పైభాగం ఒంటి పొరతో అల్లుకుంటూ పోతారు. చెవికి రెండు పొరలు, నెత్తికి ఒకటే. ఎందుకలా? నెత్తి మీద సేఫ్టీ హెల్మెట్ ఉంటుంది. చెవి మీద ఏమీ ఉండదు, గాలి కొట్టేది అక్కడే. మన దూరపు చుట్టాలబ్బాయి ఒకడు, శ్రీకాకుళం వైపువాడు, ఓడ మీద పనిచేస్తాడు. అతనికి ఫోను చేసి మీ అత్త అడిగింది, టోపీ ఎలా ఉండాలిరా అని. "బంతులు పెట్టకండి పిన్నీ, హెల్మెట్ కిందికి రావు" అన్నాడు. ఆ ఒక్క ముక్కతో నడినెత్తి అలంకారాలన్నీ బంద్.

మఫ్లరు సంగతీ అంతే. మఫ్లరుకి రెండు కొసలుంటాయి, కౌల్‌కి ఉండవు. కౌల్ అంటే మెడలోకి దూర్చుకునే గుండ్రటి గొట్టం, అంతకంటే ఏమీ కాదు. చలికి ముక్కు మీదిదాకా లాక్కోవచ్చు. తాళ్లూ, తిరిగే చక్రాలూ ఉన్న చోట వేలాడే కొస ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. మఫ్లరే కావాలనుకునేవాళ్ల కోసం 'సీమన్స్ స్కార్ఫ్' అని ఒకటుంది. రెండు చివర్లూ పలకల్లా వెడల్పుగా, మెడ దగ్గర మాత్రం సాగే అల్లికతో సన్నగా ఉంటుంది. పలకలు రెండూ కోటు లోపల రొమ్ము మీద పడుకుంటాయి, మెడ దగ్గర ముద్దకట్టదు. తొడుక్కునేవాడు ఏం చేస్తుంటాడో తెలిసినవాళ్లు గీసిన నమూనాలు ఇవి.

చరిత్రలోకి వెళ్లినా ఇదే కనపడుతుంది. మీ మావయ్య మంకీ క్యాపు ఉంది చూశావూ, దాని అసలు పేరు బాలాక్లావా. క్రిమియా యుద్ధంలో 1854 అక్టోబరు 25న పోరు జరిగిన ఊరి పేరు అది. అక్కడి చలికి తట్టుకోలేని బ్రిటిష్ సైనికులకి ఇళ్ల నుంచి ఊలు అల్లికలు వెళ్లాయి. ఆ పేరు టోపీకి స్థిరపడింది చాలా ఏళ్ల తర్వాత. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం రాగానే బ్రిటన్‌లో మేరీ రాణి పిలుపుతో సైనికులకి 3 లక్షల జతల సాక్సులు, 3 లక్షల ఊలు నడికట్లు సమకూర్చడానికి ఆడవాళ్లు కూర్చున్నారు. సాక్సు వేళ్ల దగ్గర ముగిసే చోట కుట్టు గట్టులా నిలిస్తే, బూటులో ఒరుసుకుని కాలు పుండవుతుంది. గట్టు లేకుండా రెండు అంచులనీ కలిపేసే పద్ధతికి కిచెనర్ కుట్టు అని పేరు, అప్పటి యుద్ధమంత్రి పేరు మీద. ఆయనే కనిపెట్టాడని కొందరు చెబుతారు గానీ, అంత మీసాల సేనాని ఊలుండ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడంటే మీ అత్త నమ్మలేదు. ఎవరో పేరు తెలియని ఇల్లాలు కనిపెట్టి ఉంటుంది.

ఇక తొడుక్కునేవాళ్లని అడగకుండా ప్రేమ ఒలికిపోతే ఏమవుతుందో చెబుతుంది. ఆస్ట్రేలియాలో ఫిలిప్ దీవి అని ఉంది, చిన్న పెంగ్విన్‌ల దీవి. 2001లో ఓడ నుంచి నూనె ఒలికి 438 పెంగ్విన్‌లు తడిసిపోయాయి. నూనె అంటిన ఈకల్ని ముక్కుతో శుభ్రం చేసుకోబోతే విషం కడుపులోకి పోతుంది. అందుకని కడిగేవరకూ వాటికి చిన్న ఊలు స్వెట్టర్లు తొడిగారు. నూటికి 96 బతికి సముద్రంలోకి వెళ్లాయి. అంతవరకూ ఎంత చక్కటి కథ! ఆ కథ లోకమంతా పాకింది. న్యూజిలాండ్‌లో 2011లో ఇంకో ఓడ నూనె ఒలికినప్పుడు మళ్లీ పాకింది. దేశదేశాల నుంచీ బుల్లి స్వెట్టర్లు వేలకి వేలు వచ్చిపడ్డాయి. అప్పట్లో ఆస్ట్రేలియాలో అందరికంటే పెద్ద వయసు మగమనిషి ఆల్ఫీ డేట్ కూడా 109 ఏళ్ల వయసులో అల్లి పంపాడు. నూనెలో తడిసిన పెంగ్విన్‌లు ఏటా అన్నేసి ఉండవు కదా, ఉండకూడదు కూడా. చివరికి ఫిలిప్ దీవిలో పెంగ్విన్‌లని చూసుకునే సంస్థవాళ్లే మాకు చాలా ఉన్నాయమ్మా, ఇక పంపకండని చెప్పుకోవాల్సి వచ్చింది. మిగిలినవి గుడ్డ బొమ్మ పెంగ్విన్‌లకి తొడిగి అమ్మి, ఆ డబ్బు సంరక్షణకి వాడారు. వాళ్లు తెలివైనవాళ్లు కాబట్టి దారి చూసుకున్నారు. మీ 5 కిలోల ఊలుకి అలాంటి దారి ఎవరు చూస్తారు?

లంబసింగి వైపు పిల్లల హాస్టళ్లకి ఇద్దామా అని నీ మెసేజీ చివర్లో, మాటవరసకి, ఒక ముక్క అన్నావు. అది మాటవరసకి అనాల్సిన ముక్క కాదు. అసలు అక్కడే మొదలుపెట్టాల్సింది. లంబసింగిని కొర్రబయలు అని కూడా అంటారు. రాత్రి బయట ఉండిపోయినవాడు పొద్దుటికి కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరట. డిసెంబరు, జనవరి నెలల్లో చింతపల్లి, పాడేరు, అరకు వైపు చలి ఎంత ఉంటుందో నీకు తెలుసు, పిక్నిక్కి వెళ్లి ఫొటోలు పెట్టావుగా. ఆ ఫొటోల్లో నీకు జాకెట్టుంది. వెనక రోడ్డు పక్కన చలిమంట చుట్టూ కూర్చున్న పిల్లలకి లేదు.

ఆ చలిమంటనే మొదట చూడు. మన బజార్లో ఊలు అని అమ్మేదానిలో చాలావరకు గొర్రె బొచ్చు ఉండదు, యాక్రిలిక్. ఉతకడానికి సులువు, రంగు పోదు, చవక. కానీ నిప్పురవ్వ పడితే కరిగి ఒంటికి అతుక్కుంటుంది. అసలు ఊలు మాడుతుంది గానీ అంత తేలిగ్గా అంటుకోదు. అలాగని అసలు ఊలు ఇస్తే, హాస్టల్లో వేడినీళ్ల బకెట్లో పడేసి బాదారంటే పెద్దపిల్లకి ఇచ్చింది బొమ్మ టోపీ అవుతుంది. ఊలు పోగు మీద చేప పొలుసుల్లాంటివి ఉంటాయి. వేడికీ, రుద్దుడికీ అవి ఒకదాన్నొకటి పట్టుకుని ముడుచుకుపోతాయి. ఇక వదలవు. ఏది మంచిదంటే మీ అత్త ఇక్కడ కూర్చుని చెప్పలేదు. ఆ పిల్లలు మంట దగ్గర ఎక్కువ కూర్చుంటారా, ఉతుకులో ఎక్కువ నలుగుతుందా అనేది వార్డెన్‌ని అడిగితే తెలుస్తుంది. ఏది ఇచ్చినా, కుచ్చులూ వేలాడే దారాలూ మాత్రం వద్దు.

తర్వాత తల. నూనె పెట్టి దువ్విన తల, ఆడపిల్లలైతే రెండు జడలు. కొబ్బరినూనె మరక లేత గులాబీ మీద ఎలా కనపడుతుందో ఊహించుకో. ఒకే రంగువి యాభై టోపీలు ఒక గదిలో పడితే సాయంత్రానికి ఎవరిది ఎవరిదో తెలియదు. ఇక పేలు సంగతి చెప్పనే అక్కర్లేదు! నవ్వకు. పేలు ఎక్కువగా పాకేది తలకి తల ఆనినప్పుడే గానీ, టోపీలు మారిపోతే వాటికి అదీ ఒక రైలే. అంచు లోపల ఒక్కొక్కదానికి ఒక్కో రంగు దారంతో నాలుగు కుట్లు వేస్తే పిల్లలు ఎవరిది వాళ్లు గుర్తుపడతారు. మీ అత్త జట్టులో ఈ ఆలోచన ఒక గుజరాతీ బామ్మది. ఆవిడ మనవళ్లు ముగ్గురు, టోపీల కోసం తన్నుకునేవారట.

ఇప్పుడు లెక్క. చిన్నప్పుడు నీకు ఎక్కాలు చెప్పింది మీ అత్తే కదా, కాసేపు ఓర్చుకో.

బడిపిల్ల తల చుట్టుకొలత 19 అంగుళాలనుకో. టోపీ 19 అంగుళాలు ఉంటే జారిపోతుంది, సాగి పట్టుకోవాలి కాబట్టి రెండంగుళాలు తక్కువ ఉండాలి. 84 కుట్లు ఎక్కించండి అని నమూనాలో ఉంటుంది. ఎందుకంటే అంగుళానికి 5 కుట్లు పడితే 84 కుట్లకి 17 అంగుళాలకి కాస్త తక్కువ వస్తుంది. బాగుంది. కానీ మీ పదకొండుమందిలో ఒకావిడ చెయ్యి వదులు, అంగుళానికి 4 కుట్లే పడతాయి. అవే 84 కుట్లు 21 అంగుళాలవుతాయి. టోపీ కళ్ల మీదికి దిగుతుంది. ఇంకొకావిడ దారాన్ని బావిచేంతాడులా బిగించి లాగుతుంది, అంగుళానికి 6. ఆవిడ టోపీ 14 అంగుళాలు, పురిటిపిల్లకి సరిపోతుంది. ముగ్గురూ ఒకే కాగితం చూసి, ఒకే ఊలుతో, ఒకే సూదితో అల్లారు. ఎవరూ తప్పు చెయ్యలేదు.

అందుకని మొదటి వారం టోపీ ఊసే ఎత్తకండి. ఒక్కొక్కరూ నాలుగు అంగుళాల పలక ఒకటి అల్లి, దానికి పేరు చీటీ కట్టి తెండి. స్కేలు పెట్టి మధ్యలో కుట్లు లెక్కపెట్టండి. అంచుల దగ్గర లెక్కపెడితే అబద్ధం చెబుతాయి. వదులు చేతికి సన్న సూది, బిగువు చేతికి లావు సూది ఇస్తే సరి. మీ అత్త చెయ్యి బిగువు, లేసు అలవాటు. అందరూ 5 మిల్లీమీటర్ల సూది వాడితే తను ఐదున్నర వాడుతుంది. అయిన టోపీని కొలవడానికి టేపు అక్కర్లేదు. వంటింట్లోకి వెళ్లి ఆరంగుళాల వెడల్పున్న స్టీలు గిన్నె ఒకటి చూడు. దాని చుట్టూరా దాదాపు 19 అంగుళాలు ఉంటుంది. బోర్లించి టోపీ తొడుగు. గిన్నెని పట్టుకుని నిలబడాలి, కుట్ల మధ్య స్టీలు మెరవకూడదు. గిన్నె అబద్ధం చెప్పదు, మొహమాటపడదు.

మొహమాటం మాట వచ్చింది కదా, జట్టుల్ని ముంచేది అదే. విప్పమని ఎవరు చెప్పాలి? మీ అత్త చేరిన కొత్తలో ఒకావిడ నెల రోజులు కష్టపడి అల్లిన మఫ్లరు ఒక చివర ఆరంగుళాలు, రెండో చివర పది అంగుళాలు వచ్చింది. దారిలో ఎక్కడో కుట్లు పుట్టుకొచ్చాయి. ఎవరూ నోరెత్తలేదు. పొట్లాలు కట్టేరోజు దాన్ని చాటుగా పక్కన పెట్టారు. ఆవిడ చూసేసింది. మూడు వారాలు రాలేదు. నాలుగో వారం వచ్చి, మొదటి రోజే చెప్పి ఉంటే విప్పుకునేదాన్నిగా అంది. నిజమే మరి. అప్పటినుంచి ప్రతి బుధవారం మొదటి పది నిమిషాలు అందరూ చేతిలో పనిని పక్కవాళ్లకి ఇస్తారు. పక్కవాళ్లు కుట్లు లెక్కపెట్టి ఇస్తారు. అందరిదీ చూస్తారు, నర్సమ్మది కూడా. అక్కడ అందరికంటే తప్పులు తక్కువ పడేది రైళ్లలో పనిచేసి రిటైరయిన ఒక పెద్దాయనవి. మూడేళ్లుగా నీలం తప్ప వేరే రంగు ముట్టలేదు, సాదా టోపీ తప్ప ఇంకేదీ అల్లలేదు. ఆయన మాట్లాడేది కూడా అంతే.

ఊలు సంగతి ఒక మాట. చీటీ మీద రంగు నంబరుతో పాటు లాట్ నంబరు ఉంటుంది, చూడు. ఒకే రంగు రెండు లాట్లవి తెస్తే షాపులో ఒక్కలాగే కనపడతాయి, ఎండలోకి తెస్తే టోపీకి నడుము కట్టినట్టు చార వస్తుంది. పిల్లల టోపీకి 50, 60 గ్రాములు పోతుంది, కాబట్టి మీ 5 కిలోలకి ఎనభై నుంచి వంద టోపీలు. పదకొండుమంది వారానికి ఒకటి చొప్పున సంక్రాంతి దాకా ఎనిమిది వారాలు అల్లితే 88. అదీ ఎవరికీ జ్వరం రాకుండా, ఎవరింట్లోనూ పెళ్లి లేకుండా ఉంటే. హాస్టల్లో పిల్లలు 120 మంది ఉంటే? మిగతా ముప్పైరెండు మందిని ఏ వరసలో నిలబెడతావు?

అందుకే మీ అత్త మాట: ఈ ఏడు కొనిపెట్టండి, మీరు అల్లేవి వచ్చే చలికాలానికి. చలికాలం రాగానే మీ ఊళ్లో టిబెట్ వాళ్లు అంగళ్లు వేస్తారు కదా, వాళ్ల దగ్గర బేరమాడి, ఎంతమంది పిల్లలుంటే అన్ని టోపీలు ఒక్కసారే కొనండి. మీరు అల్లే ఊలు ఖరీదుకే దొరికినా దొరుకుతాయి. పిల్లలకి ఈ డిసెంబరులోనే చలి. మీ సరదా కోసం వచ్చే డిసెంబరు దాకా ఆగదు. చవగ్గా దొరికేదాన్ని కష్టపడి అల్లడం ఎందుకని మీ నాన్న అడుగుతాడు. అడగనీ. పదకొండు గుమ్మాలు వారానికి ఒకసారి తెరుచుకుని, పదకొండుమంది ఒక గదిలో రెండు గంటలు కూర్చోవడం అంగట్లో దొరుకుతుందా అని నువ్వు అడుగు. కానీ ఆ లాభం మీది. పిల్లల లెక్కలో దాన్ని కలపొద్దు.

ఈ తేడా మీ అత్తకి నరసాపురంలో తెలియలేదు. అరుగు మీద కూర్చుని అమ్మలూ అత్తలూ లేసు అల్లేవారు. మిషనరీలు నేర్పిన విద్య అది. సముద్రం దాటి ఏ దేశపు బల్ల మీద పరుస్తారో, ఏ ధరకి అమ్ముతారో అల్లినవాళ్లకి తెలిసేది కాదు. జర్మనీ నుంచి మారియా మీస్ అనే పరిశోధకురాలు వచ్చి, వాళ్ల దగ్గర కూర్చుని చూసి, 1982లో నరసాపురం లేసు పనివాళ్ల మీద పుస్తకం అచ్చువేసింది. రోజంతా పనిచేస్తున్నా వాళ్లని ఇల్లాళ్లనే అన్నారు తప్ప పనివాళ్లని అనలేదని, ఖాళీ టైములో చేసుకునే పని అన్న పేరు పెట్టి కూలి తగ్గించారని రాసింది. అది చదివినప్పుడు మీ అత్తకి అమ్మ వేళ్లు గుర్తొచ్చాయి. 2024లో నరసాపురం లేసుకి జిఐ గుర్తింపు వచ్చింది. మంచిదే. ఆ గుర్తింపు కూలి దాకా దిగుతుందేమో చూడాలి. నీకెందుకు చెబుతోందంటే, మీ వీధిలో లేసో ఊలో అల్లి బతికే మనిషి ఎవరైనా ఉంటే, నేర్పడానికి ఆవిడని పిలిచి డబ్బివ్వండి. సేవ పేరు చెప్పి ఊరికే కూర్చోబెట్టొద్దు.

కుట్లు ఎక్కించడం, ప్లెయిన్, పర్ల్, తగ్గించడం, ఇవన్నీ వీడియోలు చూసి నేర్చుకోండి, ఉత్తరంలో కుదరదు. చివరి దారాన్ని మాత్రం కత్తిరించి వదిలెయ్యకండి. ఆరంగుళాలు ఉంచి, మొద్దు సూదితో వెనకవైపు కుట్లలోంచి ఒకసారి అటు, ఒకసారి ఇటు పోనివ్వాలి. లేకపోతే ఏ పిల్లవాడో వెనక బెంచీ మీద కూర్చుని దాన్ని లాగుతాడు. నెత్తి మీది టోపీ సాయంత్రానికి మళ్లీ ఊలుండ అవుతుంది.

అన్నట్టు, మీ వదిన తమ్ముడు డిసెంబరు మొదటి వారంలో విశాఖ వస్తున్నాడు. అతనితో పంపడానికి మీ అత్త పదకొండు జతల వైరు సూదులు కొని పెట్టింది. పదహారు అంగుళాల వైరు, గుండ్రంగా అల్లడానికి. నాలుగున్నర నుంచి ఐదున్నర మిల్లీమీటర్ల దాకా. నీకు రంగురంగుల మొద్దు సూదులు కూడా. అన్నీ ఇక్కడ అలమారలో పైఅరలో ఉన్నాయి. ఈ కవరులో మాత్రం కాగితం టేపు ఒక్కటే పెట్టింది, ఆసుపత్రిలో పిల్లల తల కొలిచే రకం. వచ్చే ఆదివారం మీ ఆయన్ని బండి తియ్యమని, పొద్దున్నే బయల్దేరి ఘాటెక్కి, ఆ హాస్టల్ వార్డెన్‌ని కలువు. ఇరవైమంది పిల్లల తలలు కొలిచి, వయసూ అంకే పక్కపక్కనే రాసి ఫొటో పంపు. మొత్తం ఎంతమందో, మంట ఎక్కడ వేసుకుంటారో, ఎవరు ఉతుకుతారో కూడా. ఆ కాగితం వచ్చాకే సూదుల సంచీ అలమార దిగుతుంది.

పదిన్నర కావస్తోంది, మీ అత్తకి లైబ్రరీ టైమైంది. 1898 టోపీ ఒకటి చెవి పట్టీ దగ్గర ఆగిపోయి ఉంది. మీ నాన్నకి, అమ్మకి అడిగినట్టు చెప్పు.

ఆశీస్సులతో,
మీ మేనత్త